నాన్న గుండెకు సాయంత్రపు దడ

ఆమె నన్ను మొదటిసారి చూసినప్పుడు పలకరించలేదు, నవ్వలేదు. విజిల్ ఊదింది.

నేను రోజూలాగే పని నుంచి వచ్చి బండిని మెట్ల కింద నిలబెడుతున్నాను. చెవి పక్కనే ఆ కూత వినబడేసరికి ఉలిక్కిపడి హ్యాండిల్ వదిలేశాను. బండి వచ్చి నా పాదం మీద పడింది.

"అక్కడ పెట్టకండి," అంది. చేతిలో తాడు, కాళ్ళకి బూట్లు, ముఖమంతా చెమట. "అది నేను తాడాట ఆడుకునే చోటు."

"ఎప్పటినుంచి?"

"ఇవాళ పొద్దుటినుంచి. మూడో అంతస్తులో దిగాం, నేనూ మా అమ్మమ్మా."

"నేను ఇక్కడ బండి పెట్టడం మొదలుపెట్టి ఏళ్ళయింది."

"మరి ఇన్నేళ్ళూ తాడాట ఆడకుండా ఏం చేశారు?"

ఒంటికాలి మీద గెంతుతూ బండిని గేటు పక్కకి తోసుకుపోయాను. "మోకాలు ఇంకాస్త పైకి లేపండి, మంచి వ్యాయామం," అని వెనకనుంచి సలహా కూడా ఇచ్చింది. దగ్గర్లోని బడిలో ఆటల టీచరట. ఆ రోజునుంచి నా లెక్కలో ఆమె పేరు విజిల్.

మాది రెండో అంతస్తు. కింద వీధివైపు నాన్న టైలరింగ్ షాపు. నేను లిఫ్టు మెకానిక్‌ని. జనం మెట్లెక్కే శ్రమ పడకుండా చూడటం నా ఉద్యోగం. మా బిల్డింగుకి మాత్రం లిఫ్టు లేదు. ఈ సంగతి విని నవ్వని బంధువు లేడు.

మర్నాడు విజిల్ తన ట్రాక్ ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి షాపుకొచ్చింది. నేను నాన్నకి టీ ఇవ్వడానికి అప్పుడే దిగాను.

"బాబాయ్ గారూ, ఇది సాయంత్రానికి అవుతుందా?" అంది.

నా ప్రాణం ఉసూరుమంది. మా నాన్న ఈమెకి బాబాయి అయితే నేనేమవుతాను?

నాన్న కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూశాడు, ఆమెనోసారి చూశాడు.

"బాబాయ్ అనకమ్మా. ఆ పిలుపు నాకు పడదు. మావయ్యా అని పిలువు, ప్యాంటు తొందరగా అవుతుంది."

"సరే మావయ్యగారూ," అంది, ఏ అనుమానమూ లేకుండా.

మా నాన్న ఇంత తెలివైనవాడని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తెలివి నా మీద కూడా వాడతాడని మాత్రం అప్పటికి తెలియదు.

ఆయనతో నాకున్న బాధల్లా ఒక్కటే. ఒంటి సంగతి పట్టించుకోడు. విజిల్ వాళ్ళు రాక ముందు ఒక మధ్యాహ్నం, కత్తిరిస్తున్న గుడ్డ మీదే ఒరిగిపోయాడు. గుండెపోటన్నారు. స్టెంటు వేసి ఇంటికి పంపారు. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

"గుండె జబ్బు టైలరంటే పెళ్ళిబట్టలు ఎవడిస్తాడ్రా? ముహూర్తం దాకా ఉంటానో లేదోనని వాళ్ళకి అనుమానం," అని ఆయన వాదన.

డాక్టరమ్మ మందుల గురించి తక్కువ, అలవాట్ల గురించి ఎక్కువ చెప్పింది. రోజూ నడవాలి, వేళకి పడుకోవాలి, ఉప్పూ నూనే తగ్గించాలి, సిగరెట్ జోలికి పోకూడదు. ఈ వయసులో మారినా ఒళ్ళు కాదనదనీ, ఆయుష్షు కొంతవరకు మన చేతిలోనే ఉందనీ ఓపిగ్గా చెప్పింది. నాన్న వెంటనే బేరానికి దిగాడు.

"నడక బదులు నిలబడితే సరిపోదా డాక్టరమ్మా? పోనీ, నేను రోజంతా మిషను తొక్కేది కాళ్ళతోనే కదా. అది లెక్కలోకి రాదా?"

"రాదు," అంది ఆవిడ.

సిగరెట్ మాత్రం భయపడి మానేశాడు. మిగతావన్నీ ఎప్పటిలాగే. కూర్చున్న చోటినుంచి లేచేవాడు కాదు, రాత్రి ఎంతకీ రేడియో కట్టేవాడు కాదు. అమ్మ పోయాక నాకంటూ మిగిలింది ఆయనే. ఆయన లేని ఇల్లు తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. అందుకే, ఎంత నడిచాడో, ఎప్పుడు పడుకున్నాడో, గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పే బ్యాండు ఒకటి కొని చేతికి కట్టాను. పక్కన ఫోను ఉండక్కర్లేదు. అన్ని కబుర్లూ తనంతట తానే నా ఫోనుకి పంపే రకం అది.

మొదటి వారం బ్యాండుకి కూడా నిద్రొచ్చి ఉంటుంది. నాన్న కదల్లేదు. రెండో వారంలో అద్భుతం జరిగింది.

లిఫ్టు పెట్టె పైన కూర్చుని తీగలకి గ్రీజు పూస్తూ ఫోను చూశాను. నాన్న పరిగెత్తుతున్నాడు. మధ్యాహ్నం చూశాను. నాన్న గెంతుతున్నాడు. రాత్రి పెందలాడే పడుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. పక్క గదిలో రేడియో వినబడుతూనే ఉండేది గానీ, కట్టెయ్యడం మర్చిపోయాడని సరిపెట్టుకున్నాను. మా ఆఫీసులో అందరికీ ఫోను చూపించి, "మా నాన్న," అని ఛాతీ విరుచుకుని తిరిగాను.

"షాపు వదిలి ఎప్పుడు పరిగెత్తుతున్నావు నాన్నా?"

"గిరాకీ లేనప్పుడు."

"మరి పొట్ట తగ్గలేదే?"

"అది పొట్ట కాదురా. కండ పడుతోంది. కొత్త కండ అలాగే ఉంటుంది," అన్నాడు, పొడుగుచేతుల చొక్కా గుండీ సవరించుకుంటూ.

నేను నమ్మాను. నమ్మడం నాకు అంత అవసరం మరి.

ఒకరోజు చిరుజల్లు పడుతోంది. కురవాలో మానాలో తేల్చుకోలేని వాన. మెట్ల దగ్గర విజిల్ ఎదురైంది. గొడుగు ఉంది గానీ సగమే తెరిచి పట్టుకుంది, జుట్టు మీద చినుకులు అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ పక్కకి తప్పుకోవడం మర్చిపోయాను.

"బ్యాండు ఎలా పనిచేస్తోంది?" అని అడిగింది.

నాన్న చెప్పి ఉంటాడనుకున్నాను.

"బ్రహ్మాండంగా. అసలు ఈ వయసులో ఆ పరుగులేంటి, ఆ గెంతులేంటి. నాకు నమ్మబుద్ధి కావడంలేదు."

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఈ వయసులోనా?"

"మరి? మోకాళ్ళు మొరాయించే వయసు కదా. ఆ పొట్ట కూడా కాస్త తగ్గితే చూడముచ్చటగా ఉంటుంది."

"పొట్టా?"

"కండ అని చెప్పుకున్నంత మాత్రాన జనానికి కనబడదా ఏంటి?"

విజిల్ గొడుగు మూసి, దాని మీది నీళ్ళన్నీ నా చొక్కా మీద విదిలించింది. "మీరు ముందు కళ్ళు చూపించుకోండి," అని విసవిసా మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు దభాలున మూసుకుంది.

తడిసిన చొక్కాతో అక్కడే నిలబడి చాలాసేపు ఆలోచించాను. మా నాన్న పొట్ట మీద ఈమెకి ఇంత అభిమానం ఎందుకో ఎంతకీ అర్థం కాలేదు.

ఆ వారంలోనే ఇంకో సంగతి నా కంటపడింది. పరుగులప్పుడు తప్ప రోజంతా సవ్యంగా ఉండే నాన్న గుండె, సాయంత్రం ఒక వేళకి అడుగు కదలకుండానే ఉన్నట్టుండి వేగంగా కొట్టుకుంటోంది. కాసేపటికి దానంతటదే సర్దుకుంటోంది. ఆ వేళ ఏమిటా అని చూస్తే, సరిగ్గా నేను ఇంటికొచ్చే వేళ.

మర్నాడు వీధి మొదట్లోనే ఇంజను ఆపేసి బండిని నడిపించుకొచ్చాను. అయినా దడ తగ్గలేదు. ఆ మర్నాడు పళ్ళు కొనుక్కొచ్చి, ఒక్క మాట కూడా అడక్కుండా నవ్వుతూ కూర్చున్నాను. "ఒంట్లో బాగుందా?" అని నాన్నే నా నుదురు పట్టి చూశాడు. దడ మాత్రం ఎప్పటిలాగే వచ్చిపోయింది. తర్వాత పని మీద వేరే ఊరెళ్ళాల్సి వచ్చింది. నేను లేనన్నాళ్ళూ సాయంత్రాలు ప్రశాంతంగా గడిచాయి. తిరిగొచ్చిన రోజు మాత్రం అంతకు ముందెన్నడూ లేనంత పెద్ద దడ.

ఇంకేం అనుమానం ఉంటుంది? గుమ్మంలో కాలు పెడుతూనే, "నడిచావా? ఉప్పెంత వేసుకున్నావు? మందు మింగావా?" అని మొదలుపెడతాను. నాకంటే పోలీసు నయం. కన్నకొడుకు వస్తున్నాడంటే ఆయన గుండె అదిరిపోతోంది. బతికించుకుందామని నేను పడే తాపత్రయమే ఆయన ప్రాణం మీదికి తెస్తోందని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. ఆఫీసు దగ్గర ఒక గది మాట్లాడుకుని, ఆదివారం పొద్దున బట్టలు సర్దుకుని షాపులోకి దిగాను.

"నాన్నా, కొన్నాళ్ళు ఆఫీసు దగ్గర గదిలో ఉంటాను."

నాన్న చేతిలో సూది ఆగింది. "ఎందుకురా? ఇప్పుడు నేనేం చేశాను?"

"నువ్వేం చేయలేదు. నేనొస్తే నీ గుండె దడదడలాడిపోతోంది. రోజూ ఫోనులో కనబడుతూనే ఉంది. నేను లేకపోతే హాయిగా ఉంటున్నావు. అందుకే వెళ్తున్నాను."

నాన్న సూదిలోంచి దారం లాగేశాడు. "అది కాదురా," అని మాత్రం అనగలిగాడు.

"ఎవరు వెళ్తున్నారు?"

గుమ్మంలో విజిల్. చేతిలో కుట్టు ఊడిన టీషర్టు.

"నేనే," అన్నాను.

"ఎక్కడికి? ఎన్నాళ్ళు? పైన మాకు చెప్పకుండా వెళ్ళిపోవడమేనా?"

నా జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. కదలకుండా ఉన్నప్పుడు గుండె మరీ వేగం పుంజుకుంటే మోగేలా పెట్టుకున్నాను. తీసి చూస్తే అంకె పైపైకి ఎక్కుతోంది. కంగారుగా నాన్న వైపు తిరిగాను. ఆయన తల దించుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. చెయ్యి కూడా వణకడంలేదు.

"ఛాతీలో నొప్పిగా ఉందా నాన్నా?"

"లేదే."

"చెమటలు పడుతున్నాయా?"

"ఫ్యాను కిందేగా ఉన్నాను."

ఒక్క అంగలో వెళ్ళి ఆయన చొక్కా చెయ్యి పైకి లాగాను. గుండీ తెగి ఎక్కడో పడింది. మణికట్టు మీద ఏమీ లేదు.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. మెల్లగా తలతిప్పి చూశాను. విజిల్ ఎడమచెయ్యి వీపు వెనక్కి వెళ్ళిపోయింది.

"అది గుండె సంగతి కూడా చెబుతుందా?" అంది, గొంతు పూర్తిగా తగ్గించి. "అడుగులు లెక్కపెడుతుందని మాత్రమే అన్నారు మావయ్యగారు."

"ఇంకేం అన్నారు మావయ్యగారు?"

"మీరేదో కొత్త పరికరం పరీక్షిస్తున్నారట. బాగా పరిగెత్తేవాళ్ళ చేతికి కట్టాలట. నన్నడగడానికి మీకు సిగ్గట. పడుకున్నప్పుడు కూడా తీయొద్దని మీరే చెప్పారట."

నాన్న టేబుల్ కింద గుండీ వెతుకుతున్నాడు. అంత శ్రద్ధగా ఆయన వంగడం నేనెప్పుడూ చూడలేదు.

నా బుర్రలో ఒక్కొక్కటే వెలుగుతోంది. పరుగులు ఈమెవి. గెంతులు ఈమెవి. నేను వయసన్నదీ పొట్టన్నదీ తననే అనుకుంది. మరి సాయంత్రం దడ?

"రోజూ సాయంత్రం నేనొచ్చే వేళకి మీరేం చేస్తుంటారు?" అని అడిగాను.

చెవులదాకా ఎర్రబడిపోయింది. "బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తుంటాను."

"దానికే అంత దడా?"

"బకెట్టు బరువు."

నాకు పగలబడి నవ్వాలనిపించింది. ఆ ఫోనుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆ సంబరంలోనే ఇంకోటి తట్టింది. బ్యాండు ఈమె చేతికి ఉంటే, నాన్న నడిచిందేమిటి? నిద్రపోయిందేమిటి? ఇన్నాళ్ళూ ఆయన ఒక్క అడుగు కూడా వేయలేదు.

"ఆయనకి గుండెపోటు వచ్చిందండీ," అన్నాను విజిల్‌తో. ఒట్టు సంగతి నాకు గుర్తు రాలేదు, గుర్తొచ్చినా చెప్పేవాణ్ణే. "స్టెంటు వేశారు. నడవకపోతే కష్టమని డాక్టరు చెబితే కట్టాను దాన్ని."

విజిల్ ముఖంలో రంగు పోయింది. బ్యాండు విప్పి కుట్టుమిషను మీద పెట్టింది.

"ఎంత పని చేశారు మావయ్యగారూ," అంది. "మీరు పెట్టాల్సిన పరుగులు నా చేత పెట్టించారా? మీకేమైనా అయితే నేనెలా బతకాలి?" కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నీళ్ళొస్తే టీషర్టుతో తుడుచుకుంది.

ఆ ఏడుపు చూసి నాన్న కుర్చీలో కూలబడ్డాడు. నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఏం చెయ్యమంటావురా? మీ అమ్మ ఉన్నప్పుడు సాయంత్రమైతే షాపు కట్టేద్దామనిపించేది. ఇప్పుడు ఎందుకు కట్టాలో తెలియదు. చప్పిడి తిని, రోడ్లు పట్టుకు తిరిగి, ఇంకో పదేళ్ళు సంపాదించాననుకో. ఆ పదేళ్ళూ తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను? ఈ పిల్ల నీకు బాగుంటుందనిపించింది. మీ ఇద్దరికీ మాట కలిపేస్తే నా పని అయిపోతుంది కదా అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు అక్కర్లేకపోతే నాకివ్వు," అన్నాను. "ఆ పదేళ్ళూ నాకు కావాలి. పెళ్ళయిన మర్నాటినుంచి నాన్న అక్కర్లేదని నీకెవరు చెప్పారు? అమ్మని ఎలాగూ ఆపుకోలేకపోయాను. నువ్వు నడిస్తే ఉంటావని తెలిసి కూడా కూర్చుంటానంటే నేనేమైపోవాలి నాన్నా? నువ్వు లేకుండా నాకు చేతకాదు."

ఫోను ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు.

"అంత గట్టిగా అరవకురా," అన్నాడు నాన్న. "అవతల గుండె జబ్బువాణ్ణి."

లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే చాలాసేపు ఉంచాడు. తర్వాత టేపు మెడలోంచి తీసి మేకుకి తగిలించి, "షట్టరు దించు," అన్నాడు.

"ఎందుకు?"

"నడవడానికి. ఇప్పుడే పదండి. ఆగితే మళ్ళీ మనసు మారుతుంది."

"చెప్పులతో కాదు," అంది విజిల్ ముక్కు ఎగబీలుస్తూ. "బూట్లు వేసుకుని రండి."

ఆ పూట వీధి చివరిదాకా వెళ్ళి రావడానికే నాన్న నాలుగు చోట్ల ఆగాడు. నేను గది వద్దని ఫోను చేసి చెప్పేశాను. మర్నాటినుంచి ఆయన్ని విజిల్ వాళ్ళ అమ్మమ్మకి అప్పజెప్పాం. ఆవిడ నాన్నకంటే చాలా పెద్దది, మూడంతస్తులు దిగి ఎక్కినా ఆయాసపడదు. పొద్దున్నే వచ్చి తలుపు బాదేది. "కొంచెం మెల్లగా నడవండి పిన్నిగారూ," అని నాన్న వెనకనుంచి బతిమాలుకుంటూ పోయేవాడు. "మెల్లగా నడిస్తే దాన్ని నడకంటారా నాయనా?" అనేదావిడ, వెనక్కి కూడా చూడకుండా. ఉప్పు ఎక్కువ వేసుకున్న రోజు నాన్నే తన నేరం ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి రేడియో వార్తలతో కట్టేసేవాడు. వానలు ముదిరేసరికి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఒక మందు తగ్గించింది. ఆ చీటీ నాన్న షాపుకి వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. గుండె జబ్బు టైలరని అందరికీ తెలిసిపోయింది, అయినా బట్టలు తగ్గలేదు.

విజిల్ మాత్రం నాతో బొత్తిగా ముక్తసరిగా మాట్లాడేది. పొద్దున్నే నలుగురం నడకకి బయల్దేరేవాళ్ళం, నేను పక్కకి రాగానే తను వేగం పెంచేది. ఆటల టీచరుని పరిగెత్తి పట్టుకోవడం లిఫ్టు మెకానిక్ వల్ల అయ్యే పనేనా?

ఒకరోజు సన్నగా వాన మొదలైంది. నాన్నా అమ్మమ్మా తలా ఒక గొడుగుతో ముందు నడుస్తున్నారు. మిగిలింది ఒక్క గొడుగు. విజిల్‌కి నా పక్కన నడవక తప్పలేదు. మా ఇద్దరి బయటివైపు భుజాలు తడుస్తున్నాయి. లోపలి భుజాలు తగలకుండా ఇద్దరం తెగ జాగ్రత్త పడుతున్నాం.

"ఇంకా బాల్కనీలో నీళ్ళు పోస్తున్నారా?" అని అడిగాను.

"వానాకాలంలో మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు?"

"నిన్న సాయంత్రం బాల్కనీలో కనబడ్డారు."

"మీకు కళ్ళు బాగానే పనిచేస్తున్నాయన్నమాట. ఆ రోజు నా వయసూ పొట్టా చూసినప్పుడు ఏమయ్యాయి?"

"అది మా నాన్న పొట్టండీ."

"తెలుసు. అయినా కోపం పోవడంలేదు. అద్దంలో పక్కకి తిరిగి ఎన్నిసార్లు చూసుకున్నానో మీకేం తెలుసు?" ఒక్క క్షణం ఆగింది. "పైగా మీరు నా గుండె అంతా చూసేశారు. మీ సంగతి మాత్రం నాకేం తెలియదు. ఇదేం న్యాయం?"

నిజమే. నాకు ఫోను చెప్పింది, ఆమెకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

"మీరంటే నాకిష్టం," అన్నాను. "విజిల్ ఊదిన రోజునుంచీ ఇష్టం. గది మాట్లాడుకున్న రోజు నాన్నని వదిలి వెళ్ళాలని ఎంత ఏడుపొచ్చిందో, మిమ్మల్ని చూడకుండా ఉండాలని అంతే ఏడుపొచ్చింది. అప్పుడే చెప్పాలి. నాకు ధైర్యం చాలలేదు."

ఆమె నడక ఆపేసింది. "చెయ్యివ్వండి."

ఇచ్చాను. బడిలో పిల్లలకి చూసినట్టే మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, వాన వైపు చూస్తూ నిలబడింది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. మధ్యలో లెక్క తప్పిందనుకుంటాను, మళ్ళీ మొదలుపెట్టింది.

"చాలా ఎక్కువగా ఉంది," అంది.

"ప్రమాదమా?"

"నాకూ అంతే ఉంది. ఇద్దరం కలిసి చూసుకుంటే సరిపోతుంది," అని, వేళ్ళు తీయకుండా అలాగే చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి వెచ్చగా ఉంది. గొడుగు ఎటో వాలిపోయింది, ఇద్దరం తడిసిపోయాం, పట్టించుకోలేదు.

"ఒరేయ్," అని ముందునుంచి నాన్న కేక. వెనక్కి తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. గొడుగు చంకలో ఉంది, ముఖమంతా నవ్వు. "చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నారు గానీ, నిలబడి పట్టుకోవడం దేనికి? నడుస్తూ పట్టుకోకూడదా? నాకు బోలెడు పనులున్నాయి. మీ పెళ్ళిబట్టలు కుట్టాలి. మీకు పుట్టేవాళ్ళకి కుట్టాలి. వాళ్ళు పెద్దయ్యాక వాళ్ళ పెళ్ళికీ నేనే కుట్టాలి, బయటివాడికి ఇవ్వనిచ్చేది లేదు. ఇప్పుడున్న ఆయుష్షు ఏ మూలకీ సరిపోయేలా లేదు. ఇంకో చుట్టు తిరుగుదాం పదండి."

అమ్మమ్మ అప్పటికే మలుపు తిరిగిపోయింది. మేం ముగ్గురం ఆవిణ్ణి అందుకోవడానికి వానలో గబగబా నడిచాం.